గాజు తొట్టిలో ఉప్పునీరు

(పాఠశాల ప్లాటినం జూబిలీ విజ్ఞాన సభలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బది ఐదేండ్ల పండుగ జరుపుకొనే పాఠశాలకు ఏదైనా కానుక సమర్పించాలన్న తలపు పూర్వ విద్యార్థులకు కలగడం సహజం. బీరువాలు, పంకాలు, గోడ గడియారాలు ఎలాగూ వస్తాయి. వాటితోపాటు విజ్ఞానశాస్త్ర గదిలో ఒక సముద్రపు తొట్టి ఉండాలని, అందులో పగడపు దిబ్బను పోలిన చిన్న ప్రపంచం కనబడాలని పిల్లలు ముచ్చటపడుతున్నారు. కోరిక మంచిదే. ఐతే కానుక ఇచ్చేవారు తొట్టి ఖరీదును లెక్కిస్తారు గాని, అందులోని ప్రాణుల ఆయువును లెక్కించేవారు అరుదు. ప్రారంభోత్సవం నాటి ఉదయం తొట్టి, నీరు, రాళ్ళు, చేపలు అన్నీ ఒకే బండిలో దిగుతాయి. ముఖ్య అతిథి మీట నొక్కుతారు, దీపం వెలుగుతుంది, పిల్లలు చప్పట్లు కొడతారు. పదిరోజులు తిరిగేసరికి చేపలు ఒక్కొక్కటిగా పైకి తేలుతాయి. చెన్నపట్నంలో పాతతరంవారు జంతు ప్రదర్శనశాలను 'ఉయిరు కాలేజి' అనీ, ఎగ్మూరు మ్యూజియమును 'సెత్త కాలేజి' అనీ పిలుచుకొనేవారు. మొదటిది బ్రతికి ఉన్నవాటిది, రెండవది చచ్చినవాటిది. తొందరపడి పెట్టిన ఉప్పునీటి తొట్టి మొదటి కాలేజి నుండి రెండవ కాలేజికి రెండు వారాలలో బదిలీ అవుతుంది. ఆ బదిలీని ఆపడం ఎట్లా అన్నదే నేటి విషయం.

సముద్రజీవులను ఇంటిలో బ్రతికించే ప్రయత్నానికి నూట డెబ్బది ఏండ్లకు పైబడిన చరిత్ర ఉన్నది. 1846లో అన్నా థిన్ అనే ఆంగ్ల వనిత టార్కీ సముద్రతీరం నుండి కొన్ని సజీవ రాతిపగడాలను లండనుకు తెచ్చుకొన్నది. వెంట తెచ్చిన సముద్రపు నీరు కొద్దిపాటిది. మరల తెప్పించుకోవడం కష్టం. ఆ నీటికే గాలి తగిలించడానికి ఆమె ఇంటి పనిమనిషి ప్రతిదినం తెరచిన కిటికీ ఎదుట నిలిచి, ఒక పాత్రనుండి మరొక పాత్రకు నీటిని అరగంట నుండి ముప్పావుగంట సేపు పోస్తూ ఉండేదట. కాఫీ చల్లార్చే పద్ధతి వంటిదే. కాకుంటే ఇక్కడ ఆ ధార మీద కొన్ని ప్రాణాలు ఆధారపడి ఉన్నాయి. మరుసటి సంవత్సరం సముద్రపు మొక్కలను తెప్పించి నీటిలో ఉంచిన తరువాత ఆ శ్రమ తగ్గినది. చరిత్ర గ్రంథాలలో అన్నా థిన్ పేరు నిలిచినది గాని పనిమనిషి పేరు నిలువలేదు. నేడు రెండు వందల గ్రాముల మోటారు చేసే పనిని ఆనాడు ఆమె రెండు చేతులు చేశాయి.

తరువాత 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ వ్రాసిన పుస్తకంతో ఇంగ్లండులో ఇంటింటా సముద్రపు తొట్టి పెట్టుకొనే వేడుక ప్రబలినది. దాని ఫలితం ఏమైనదో ఆయన కుమారుడు ఎడ్మండ్ గాస్ 1907లో వెలువరించిన 'ఫాదర్ అండ్ సన్' గ్రంథంలో బాధతో చెప్పినాడు. తండ్రి పుస్తకాలు చదివి ముచ్చటపడినవారే గుంపులుగా తీరానికి వెళ్ళి, రాతి గుంటలలోని జీవులను ఊడ్చి తెచ్చుకొన్నారు. తండ్రి వర్ణించిన అందం ఆ తీరంలో మిగలలేదు. సముద్రంమీది ప్రేమయే సముద్రాన్ని కొల్లగొట్టిన ఉదంతమిది. పాఠశాలలో తొట్టి పెట్టదలచినవారు దీనిని దాటవేయడానికి వీలులేదు.

దక్షిణదేశానికి కూడ ఈ విద్య కొత్తది కాదు. 1909లోనే మద్రాసు మెరీనా తీరాన ప్రజలకోసం సముద్ర మత్స్యశాల తెరువబడినది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అది మూతపడినది. స్వాతంత్ర్యం వచ్చిన 1947లోనే కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ నెలకొన్నది. తూత్తుకుడికి, రామేశ్వరానికి నడుమ ఉన్న మన్నారు సింధుశాఖలోని 21 దీవుల చుట్టు పగడపు దిబ్బలు ఉన్నాయి. 1986లో ఆ ప్రాంతం సముద్ర జాతీయోద్యానంగా ప్రకటింపబడినది. ఆంధ్రతీరంలో అంతటి దిబ్బలు లేవు. గోదావరీ కృష్ణలు మోసుకువచ్చే ఒండ్రు పగడాలకు గిట్టదు. డెల్టా రైతుకు బంగారమైన బురద పగడానికి గొంతు నులిమే త్రాడు.

ఇక్కడ ఒక భ్రమ తొలగాలి. కుజగ్రహ శాంతికై మంగళవారం నాడు ఉంగరంలో పొదిగించుకొనే ఎర్రని పగడం వేరు, దిబ్బలను కట్టే పగడం వేరు. రత్నశాస్త్రంలోని పగడం విశేషంగా మధ్యధరా సముద్రం నుండి వచ్చేది. దిబ్బలు కట్టే రాతిపగడాలు అతి చిన్న జీవుల సమూహాలు. వాటి ఒంటిలో ఏకకణ శైవలాలు కాపురముండి, ఎండను ఆహారంగా మార్చి ఇంటివారికి పంచుతాయి. ఆ బలంతోనే పగడం నీటిలోని కాల్షియమును తీసుకొని సున్నపు గూడు కట్టుకొంటుంది.

ఈ రాతిపగడాలను, నల్ల పగడాలను, సముద్రపు విసనకర్రలను, సముద్రపు గుర్రాలను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో 2001లో చేర్చారు. అనగా చట్టం దృష్టిలో పెద్దపులికి ఎంత రక్షణయో చిటికెనవ్రేలంత పగడానికీ అంతే. తీరంలో ఎవరో చేతిలో పెట్టి అమ్మజూపే ఎండు పగడపు ముక్క కూడ దీని పరిధిలోనిదే. 2022 నాటి సవరణతో అంతర్జాతీయ ఒప్పందపు జాబితాలకెక్కిన విదేశీ జీవులను ఉంచుకోవడానికి కూడ నమోదు నియమాలు వచ్చాయి. కనుక పాఠశాల తొట్టిలో రాతిపగడానికి చోటులేదు. దుకాణదారు 'ఏమీ కాదు సార్' అన్నంత మాత్రాన చోటు పుట్టదు. పిల్లలకు చట్టం నేర్పే చోట చట్టాన్ని గాజులో పెట్టి ఉల్లంఘించడం శోభస్కరం కాదు. మరి పగడం లేని పగడపు తొట్టి ఏమిటని అడుగవచ్చు. కాల్చిన పింగాణి మట్టితో గాని, సున్నము, సిమెంటు కలిపిన మిశ్రమంతో గాని చేసిన రంధ్రాల రాళ్ళు, వాటిమీద క్రమంగా ప్రాకే గులాబిరంగు శైవలపు పూత, నత్తలు, రొయ్యలు, రెండు చేపలు చాలు. చట్టం అనుమతించే మెత్తని జాతులను పెట్టదలిస్తే అటవీశాఖను ముందుగా విచారించి, పెంపకంలో వృద్ధి చేసినవాటిని మాత్రమే రసీదుతో తీసుకోవడం మర్యాద.

ఇక తొట్టి. మొదటి తొట్టి చిన్నదిగా ఉంటే శ్రమ తక్కువని చాలామంది ఎంచుతారు. ఉప్పునీటి విషయంలో ఇది తలక్రిందులు. ఇరవై లీటర్ల నీటిలో ఒక నత్త చచ్చినా నీరంతా చెడుతుంది. ఒక మధ్యాహ్నపు ఎండకే వేడెక్కుతుంది. రెండున్నర అడుగుల పొడవు, అడుగు పై నాలుగంగుళాల వెడల్పు, అంతే ఎత్తు గల తొట్టి తొలిసారికి అనుకూలం. దానిలో రాళ్ళు, ఇసుక పోను వంద లీటర్ల వరకు నీరు పడుతుంది. గాజు, రాయి కలిసి బరువు సుమారు నూట యాభై కిలోలవుతుంది గనుక పాత కర్రబల్ల మీద పెట్టరాదు. కిటికీ ప్రక్కన అసలే పెట్టరాదు. గాలి గొట్టం గాక నీటిని కదిలించే చిన్న మోటారు ఒకటి, ఎనిమిది గంటలు వెలిగే దీపం ఒకటి, ఉష్ణమాపకం ఒకటి తప్పనిసరి. తక్కిన అలంకారాలు దుకాణదారుని సంతోషానికి.

నీటి సంగతి మాత్రం నిదానంగా చెప్పవలసినది. సముద్రజలంలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. వంద లీటర్లకు మూడున్నర కిలోలు. ఐతే వంటింటి ఉప్పు కలిపితే సముద్రం కాదు. కరిగిన లవణాలలో సోడియం, క్లోరైడు కలిసి నూటికి ఎనభై ఐదు పాళ్ళకు కొద్దిగా మించి ఉంటాయి. మిగిలిన భాగంలో సల్ఫేటు, మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం మొదలైనవి. శ్రీకాకుళం జిల్లా నౌపడలోనో, నెల్లూరు తీరంలోని ఇసకపల్లిలోనో ఉప్పు మళ్ళను చూచినవారికి ఇది సులభంగా బోధపడుతుంది. ఎండకు నీరు చిక్కబడేకొద్దీ ముందు సున్నపురాయి, తరువాత జిప్సం అడుగున దిగుతాయి. ఆ తరువాత ఉప్పు గడ్డకడుతుంది. మెగ్నీషియం మిగిలిన చేదునీటితోపాటు వెళ్ళిపోతుంది. అనగా కూరలో వేసే ఉప్పు తయారుకావడానికి సముద్రంలోని తక్కిన సరుకంతా వేరుపరచబడినది. పగడానికీ, నత్తగుల్లకూ కావలసినది సరిగా ఆ వేరుపడిన సరుకే. అందువల్ల అన్ని లవణాలను తగిన పాళ్ళలో కూర్చిన తొట్టి ఉప్పును ప్రత్యేకంగా కొనవలెను. సముద్రం దగ్గరే ఉన్నది గదా, బిందెతో తెచ్చుకొంటే పోదా అంటే, నగరతీరపు నీటిలో మురుగు కలుస్తుంది. ఐప్పసి, కార్తీక మాసాల వానలకు తీరంలోని ఉప్పదనం పడిపోతుంది.

ఉప్పు కలపడానికి కుళాయి నీరు, బోరు నీరు పనికిరావు. వాటిలోని నైట్రేటు, ఫాస్ఫేటు, సిలికా పచ్చని పాచికి విందుభోజనం. ఆర్.ఓ. యంత్రంలో వడకట్టిన నీరు, వీలైతే ఆ తరువాత అయానులను తొలగించే జల్లెడ గుండా కూడ దిగిన నీరు కావాలి. టి.డి.ఎస్. మీటరు దాదాపు సున్న చూపాలి. కలిపిన నీటి సాపేక్ష సాంద్రత 25 డిగ్రీల వద్ద 1.025 ప్రాంతంలో ఉండాలి.

మొదటి ఏడాది ఎక్కువమంది చేసే తప్పు ఒకటి ఉన్నది. నీరు ఆవిరి అవుతుంది, ఉప్పు ఆవిరి కాదు. తరిగిన నీటికి బదులు మంచినీరే పోయాలి. రోజుకు ఒక లీటరు తరిగిందనుకొని, పది దినాలు దాని స్థానంలో ఉప్పునీరు పోశారనుకొందాం. 350 గ్రాముల ఉప్పు అదనంగా చేరుతుంది. 35 గ్రాముల నీరు 38.5 గ్రాముల నీరవుతుంది. చేపకు దాహం తీరదు. రొయ్య చర్మం విడువలేక చస్తుంది. ఇది ఏడవ తరగతి లెక్క. నల్లబల్ల మీద చేయించిన పిల్లవాడు దీనిని మరువడు. తొట్టి ప్రక్కన గాజుమీద నీటిమట్టం గుర్తుగా ఒక గీత గీసి, ప్రతి ఉదయం ఆ గీతవరకు మంచినీరు పోయించడం ప్రార్థన గంట తరువాతి పనిగా పెట్టుకోవచ్చు.

ఇప్పుడు అసలు సంగతి. తొట్టిలో మొదట కాపురం పెట్టవలసినవి చేపలు కావు, కంటికి కనబడని సూక్ష్మజీవులు. చేప విసర్జించినది, తినగా మిగిలిన మేత కుళ్ళి అమ్మోనియా అవుతుంది. సముద్రజలం క్షారగుణం కలది, దాని పి.హెచ్. 8.1 నుండి 8.4 వరకు ఉంటుంది. అట్టి నీటిలో అమ్మోనియా మంచినీటిలో కంటె హెచ్చు విషం. ఒక జాతి సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రైటుగాను, వేరొక జాతి నైట్రైటును నైట్రేటుగాను మారుస్తాయి. 1890 ప్రాంతంలో రష్యన్ శాస్త్రజ్ఞుడు సెర్గీ వినోగ్రాడ్‌స్కీ వీటిని వేరుచేసి చూపినాడు. పొలంలో వేసిన యూరియాను మొక్కకు అందేటట్లు చేసేది వీటి బంధువర్గమే. పాఠ్యపుస్తకంలో బాణపు గుర్తులతో గుండ్రంగా గీసిన నత్రజని వలయాన్ని పిల్లలు బట్టీ పడతారు. ఆ బాణాలలో ప్రతి ఒక్కటి ఒక జీవి అని తొట్టి దగ్గర తెలుస్తుంది.

ఈ సూక్ష్మజీవులు మెల్లగా పెరిగేవి. తొట్టిలో రాళ్ళు, ఇసుక, ఉప్పునీరు అమర్చి, మోటారు నడిపించి, చిటికెడు చేపమేతను కుళ్ళనిచ్చి గాని, కొలత ప్రకారం అమ్మోనియం క్లోరైడు ద్రవం వేసి గాని ఊరుకోవాలి. పరీక్షా ద్రవాలతో రెండు రోజులకొకసారి కొలిచి గోడమీది పట్టికలో గుర్తించాలి. ముందు అమ్మోనియా గీత పైకి లేస్తుంది. కొన్నాళ్ళకు అది దిగుతూ నైట్రైటు గీత లేస్తుంది. అదీ దిగి నైట్రేటు మిగులుతుంది. మొదటి రెండూ సున్నకు చేరి, మరల అమ్మోనియా వేసినా ఒక దినంలో సున్న చేరితే తొట్టి సిద్ధమైనట్లు. ఇందుకు సాధారణంగా నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. ఈలోగా రాళ్ళమీద గోధుమరంగు పొడి, తరువాత పచ్చని నాచు కనబడి, తొట్టి పాడైనదన్న అపవాదు వస్తుంది. కంగారుపడి తోమివేయరాదు. సందర్శకులు 'చేపలేవీ?' అని అడుగుతారు. ప్రధానోపాధ్యాయులకు ఇది ఇబ్బందికరమే. ఆ ఆరు వారాల పట్టికను చట్రం కట్టించి తొట్టిపైన వ్రేలాడదీయడం ఆ ప్రశ్నకు తగిన జవాబు.

కనుక జూబిలీ నాడు తొట్టి ప్రారంభించదలిస్తే రెండే దారులున్నాయి. రెండు నెలలు ముందుగా పని మొదలుపెట్టడం ఒకటి. ముఖ్య అతిథి చేత చేపలు లేని తొట్టిని ప్రారంభింపజేయడం రెండవది. రెండవదే మేలైనది. అతిథి ఒక గరిటెడు ఉప్పు నీటిలో వేస్తే చాలు. మిగతాది పిల్లలు చూడగా జరుగుతుంది.

సముద్రపు చేపకు దక్షిణాది ఎండ పెద్ద శత్రువు. 25, 26 డిగ్రీల నీటిలో హాయిగా ఉండే జీవులు 30 దాటితే తల్లడిల్లుతాయి. వేడి ఎక్కినకొద్దీ నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. మన్నారు సింధుశాఖలో 2010లోను, 2016లోను నీరు వేడెక్కి పగడాలు శైవలాలను వెళ్ళగొట్టి తెల్లబారినవి. సముద్రమంత నీటికే ఆ గతి పడితే వంద లీటర్ల మాట వేరే చెప్పనక్కరలేదు. నీటి ఉపరితలం మీదుగా చిన్న పంకా గాలి తగిలిస్తే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. అప్పుడు ఆవిరి పెరుగుతుంది గనుక మంచినీరు పోసే పనీ పెరుగుతుంది. వేసవి సెలవులలో గది తలుపులు, కిటికీలు మూసి వెళ్ళే అలవాటును ఈ ఒక్క గది విషయంలో మానుకోవాలి.

చేపలలో తొలివారికి తగినవి క్లౌన్ చేపల జంట. నారింజ ఒంటిపై తెల్లని పట్టెలతో ఉండే వీటిని 2003 నాటి 'ఫైండింగ్ నీమో' చిత్రం తరువాత పరిచయం చేయనక్కరలేదు. ఇవి పెంపకంలో పిల్లలు పెడుతున్నవి గనుక సముద్రంనుండి పట్టినవి కొనవలసిన అగత్యం లేదు. అడిగి తెలుసుకొని కొనాలి. సముద్రంలో వీటికి ఆశ్రయమిచ్చే ఆనెమొనే తొట్టిలో లేకున్నా బ్రతుకుతాయి. అన్నీ మగవిగానే పుడతాయి; గుంపులో పెద్దది ఆడదవుతుంది; అది పోతే దాని జత ఆడదై ఆ స్థానం తీసుకొంటుంది. జీవశాస్త్ర ఉపాధ్యాయునికి తరగతిలో కొంత నవ్వు, అంతకు మించి ప్రశ్నలు తప్పవు. అదే చిత్రంలోని నీలిరంగు చేపను మాత్రం ఎంత ఏడ్చినా కొనిపెట్టరాదు. అది పెద్దదై ఈదడానికి ఎంతో చోటు కోరుతుంది. మొదట నత్తలు, రెండు వారాలకు ఒక చేపజంట, తరువాత ఒక రొయ్య, అంతటితో ఆగితే సూక్ష్మజీవుల సైన్యం కొత్త భారానికి అలవాటుపడుతుంది. మేత రెండు నిమిషాలలో తినగలిగినంతే. ప్రతి వారం పది లీటర్ల నీరు తీసి, 350 గ్రాముల ఉప్పు కలిపిన కొత్తనీరు పోయాలి.

ఇంటివాడుకలో పుణ్యప్రదమైనదొకటి ఈ తొట్టికి విషం. రాగి చెంబు, రాగి బిందె, ఇత్తడి గరిటె ఏదీ నీటిని తాకరాదు. అతి కొద్ది రాగి కరిగినా నత్తలు, రొయ్యలు నిలువవు. చేపల జబ్బుకు దుకాణంలో ఇచ్చే మందులలో రాగి ఉన్నదేమో చూడకుండా తొట్టిలో పోయరాదు. జబ్బు చేపను వేరే పాత్రలో ఉంచి వైద్యం చేయాలి. గదిలో దోమల మందు చల్లరాదు. సబ్బు చేతితో నీటిలో చేయిపెట్టరాదు. పూలగుత్తులవలె అందంగా కనబడే జొయాంథిడు జాతులలో కొన్నింటిలో మిక్కిలి ప్రమాదకరమైన విషం ఉంటుంది. వాటిని బడి తొట్టిలోనికి రానీయకుండుటే క్షేమం. అవి అంటిన రాళ్ళను ఉడకబెట్టడం, ఒట్టిచేతులతో రుద్దడం ఎవరూ చేయరాదు. ఉప్పునీరు విద్యుత్తును బాగా ప్రసరింపజేస్తుంది గనుక ప్లగ్గులు తొట్టికంటె ఎత్తున ఉండాలి, తీగ ప్లగ్గుకంటె దిగువకు వ్రేలాడి నీటిచుక్కను నేలకు జార్చాలి, విద్యుత్తు కారుతూనే ఆపివేసే ఇ.ఎల్.సి.బి. ఉండితీరాలి. కరెంటు పోయినపుడు పనిచేసే బ్యాటరీ గాలిపంపు ఒకటి కొనిపెట్టుకొంటే అన్నా థిన్ ఇంటి పనిమనిషి అవసరం రాదు.

చివరకు పూర్వ విద్యార్థులతో ఒక మాట. తొట్టిపై దాత పేరు చెక్కించడానికి అభ్యంతరం లేదు. ఐతే తొట్టి కొన్న సొమ్ముకు తోడుగా ఉప్పు, పరీక్షా ద్రవాలు, వడపోత జల్లెడలు, కరెంటు ఛార్జీలకు ఏటేటా ఎవరు ఇస్తారో కాగితం మీద వ్రాయించుకొన్న తరువాతనే తొట్టిని గదిలోనికి తేవాలి. మంచి సంరక్షణలో క్లౌన్ చేప పదేండ్లకు మించి జీవిస్తుంది. ఆరవ తరగతి విద్యార్థి చేతిమీదుగా నీటిలో దిగిన చేప, అతడు కళాశాల చదువు ముగించేసరికి కూడ ఆ గాజు వెనుక ఉండవచ్చు. దసరాకు, సంక్రాంతికి, వేసవికి బడి మూసినపుడు ఎవరు వస్తారన్నది సైన్సు మాస్టారి మంచితనానికి వదలివేయరాదు. ఒక్కొక్క రోజు మేతను చిన్న పొట్లాలలో కట్టి, ఒక్కొక్క పొట్లంమీద తేదీ వ్రాసి, గది తాళంచెవితో సహా సమీపంలో నివసించే ఇద్దరికి అప్పగించాలి. ఆ ఇద్దరి పేర్లు సెలవుల ప్రకటన అంటించే బోర్డుమీదనే ఉండాలి. గీతవరకు మంచినీరు పోయవలెనన్న మాట దాని క్రింద పెద్ద అక్షరాలతో వ్రాయించాలి.